నాలుగో గ్రీను నీళ్ళు

మా ఆయన పేరు పద్మనాభయ్య. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అత్త నేర్పింది గానీ కాగితం మీద రాయకూడదని చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. నా పేరు వనజాక్షి, పదో తరగతి దాకా చదువుకున్నాను. నాలుగో గ్రీను సంగతి మా ఊరి టీ కొట్టు దగ్గర ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వండి, నేనూ నవ్వాను, ఏడ్చాను కూడా. కానీ జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పాలి కదా. మా ఇంట్లో ఆ ఓపిక నాకు తప్ప ఎవరికీ లేదు.

మాది కోవూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడే ఊరు. కాలువ చివర మాకు రెండెకరాల మాగాణి ఉంది. పైనున్న చేలన్నీ తాగాక మిగిలితే మాకు నీళ్ళు. మిగిలేది తక్కువ. అందుకని మా ఆయన ముప్ఫై ఏళ్ళు చేసిన వ్యవసాయమంతా ఒకటే పని, వచ్చిన నీళ్ళను బయటికి పోనివ్వకపోవడం. గట్టుకు ఎండ్రకాయ ఎక్కడ బొక్క పెట్టినా ఆయనకు తెలిసిపోతుంది. గట్టు మీద బోర్లా పడుకుని చెవి ఆనించి వింటాడు. తర్వాత జిగట మట్టి ముద్ద చేసి, అందులో వరిగడ్డి మెలిపెట్టి, బొక్కలో దూర్చి మడమతో తొక్కుతాడు. ఆయన తొక్కిన బొక్క మళ్ళీ తెరుచుకోవడం నేను చూడలేదు. చుట్టుపక్కల చేలవాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలియదు గానీ ఎవరి చేలో ఎక్కడ కారుతోందో మాత్రం చెప్పేవాడు.

రెండేళ్ళుగా ఆ మిగిలే నీళ్ళు కూడా రాలేదు. చేను బీడు పడింది. సరిగ్గా అప్పుడే, సముద్రం వైపు సరుగుడు తోపులు కొట్టేసిన ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ మైదానం మొదలుపెట్టారు. గడ్డి పెంచే పనికి మా ఊళ్ళనుంచి ఇరవై రెండు మందిని తీసుకున్నారు. నాతో కలిపి ఆడవాళ్ళం నాటే పనికి, మా ఆయన నీళ్ళ పనికి, పెంచలకృష్ణ గడ్డి కోసే మిషన్ మీదికి. మా అందరి మీదా అనూష మేడమ్. తిరుపతిలో వ్యవసాయం చదువుకున్న పిల్ల, నా మేనకోడలి వయసుంటుంది.

మొదటి రోజే మా ఆయనకు మతిపోయింది. లారీలోంచి గోతాలు దిగాయి. విప్పి చూస్తే గడ్డి కాడల ముక్కలు. ఒక ముక్క తీసి గోటితో గిల్లి, వాసన చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మే, ఇది గరిక గదా?"

"గరికే. అయితే ఏంది?"

"దీన్ని నాటేదానికా మనల్ని పిలిచింది?"

గరిక పీకీ పీకీ గోళ్ళు అరిగిపోయిన మనిషి. చేలో ఒక్క కాడ మిగిలితే వారానికల్లా గట్టంతా అల్లుకుంటుందని పొద్దస్తమానం తిట్టుకునేవాడు. ఆ గరికనే మేం నడుములు వంచి వరసగా నాటుతుంటే, ఆయన పైపు పట్టుకుని నీళ్ళు చల్లుతూ మధ్యమధ్య ఆగిపోయి చూసేవాడు. ఇది పొట్టి రకం గరిక అనీ, చాపలాగా పరుచుకుంటుందనీ, బంతి చివరికి వచ్చి గుంటలో పడే నున్నటి చోటుకు ఇదే కావాలనీ అనూష మేడమ్ ఓపికగా చెప్పింది. ఆ నున్నటి చోటునే గ్రీను అంటారు. అట్లాంటివి తొమ్మిది చేయాలి.

ఆయన అన్నిటికీ తల ఊపేవాడు. ఇంటికొచ్చి నా ప్రాణం తీసేవాడు.

"ఎన్ను వెయ్యదు, గింజ పట్టదు. మరి కోసేది ఎప్పుడు?"

"రోజూ కోస్తారంట."

"రోజూ కోసి ఏం చేస్తారు?"

"పారేస్తారు."

"పోనీ బర్రెకు తెచ్చుకుంటామంటే?"

"మందు కొడతారంట, పెట్టగూడదంది."

అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. గడ్డి బియ్యపు గింజ పొడవు కూడా పెరగకూడదని తెలిసిన రోజు, సగం తిని లేచిపోయాడు. మొలిచిన గడ్డి మీద సన్న ఇసుక చల్లించిన రోజైతే నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూశాడు. నేను చెప్పింది నమ్మలేక. "పైరు మీద ఇసుక పోస్తారా యాడన్నా?" అని ఆ రాత్రంతా అదే గొణుగుడు. నాకు ఒళ్ళు మండింది. "నీకు అర్థం కావాలని ఎవరూ అడగలా. చెప్పింది చెయ్యి, పడుకో" అన్నాను. అట్లా అనకుండా ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన నన్ను అడగడం తగ్గించేశాడు.

మార్చిలో ఒక రోజు నాలుగో గ్రీనుకు నీళ్ళు పెట్టి, దిబ్బ దిగి వస్తుంటే, తుంగ గడ్డి వెనక ఒక పైపు నోరు కనిపించిందట. అందులోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. గ్రీను కింద కంకర పరిచి, దానిలో పైపులు వేసి, పైన ఇసుక పోస్తారు. పోసిన నీళ్ళు దిగిపోవాలనే ఆ ఏర్పాటు. మిగతా ఎనిమిది గ్రీన్ల పైపులు భూమిలోనే కలిసి చెరువులోకి పోతాయి. నాలుగోదాని పైపు ఒక్కటే బయటికి తెరుచుకుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆయనకు ఆ రోజు కనిపించింది ఒకటే, తను పెట్టిన నీళ్ళు ఎవరికీ కాకుండా ఇసుకలోకి పోతున్నాయి.

గండి కనిపిస్తే మా చేల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరికీ చెప్పడానికి పోకూడదు, ముందు కట్టాలి. చెప్పి వచ్చేలోపు ఉన్న నీళ్ళు పోతాయి. కట్టాక కూడా చెప్పుకోరు, అదేమన్నా గొప్పా? మా ఆయన ఆ పద్ధతే పాటించాడు. కాకపోతే ఆ దిబ్బల్లో ఎంత తవ్వినా ఇసుకే. కట్టడానికి జిగట మట్టి లేదు. మర్నాడు పొద్దున్నే బండి వెనక యూరియా గోతాం కట్టుకుంటూ కనిపించాడు.

"ఏందయ్యా అది?"

"మన చేని మట్టి. ఆడ పనికొస్తాది."

ఆఫీసు ముందు పూలకుండీలకు కాబోలనుకుని ఊరుకున్నాను. నా బుద్ధి తగలబడ! ఏ కుండీకి అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

రెండు వారాలు నాలుగో గ్రీను మిగతావాటికంటే పచ్చగా ఉంది. మా ఆయన మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు దానికెదురుగానే కూర్చునేవాడు. "చూడు మే, నీళ్ళు నిలిస్తే ఏదైనా పండుతాది" అనేవాడు. మైదానానికి వచ్చాక ఆయన మొహంలో నవ్వు చూసింది ఆ రెండు వారాలే.

ఏప్రిల్‌లో అది పసుపు తిరిగింది. ఒక మూల నాచు పట్టింది. అడుగేస్తే మెత్తగా దిగబడుతోంది. అనూష మేడమ్ తెగులనుకుని మందు కొట్టించింది. తగ్గలేదు. ఇంకో మందు కొట్టించింది. కాడలు సరిగా నాటలేదేమోనని మా ఆడవాళ్ళ వైపు చూసింది. నేను ఊరుకుంటానా? "తొమ్మిదీ మా చేతులతోనే నాటినాం మేడమ్, ఎనిమిది బాగుండి ఇదొక్కటే చెడిపోతే మా చేతుల్దా తప్పు?" అని అడిగేశాను. పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. మే నెల పదో తేదీన చెన్నై నుంచి కంపెనీ మనిషి రంగనాయకులు గారు వస్తున్నారు. ప్రతి గ్రీనూ చూస్తారు. ఒక్కటి బాగాలేకపోయినా మైదానం మొత్తం అక్కడి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు. వాళ్ళు వాళ్ళ మనుషులను తెచ్చుకుంటారు. మేం ఇరవై రెండు మందీ ఇళ్ళకు పోవాలి, ఆమెతో సహా.

ఇంటికి పోయి ఏం చేస్తాం? బీడు పడిన చేను చుట్టూ తిరుగుతామా? ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు.

మా ఆయన మాత్రం పూర్తిగా అయోమయంలో పడిపోయాడు. తెల్లారి లేస్తే నాలుగో గ్రీను దగ్గరే. వంగి చూస్తాడు, తల గోక్కుంటాడు, దిబ్బ దిగి పోయి వస్తాడు. ఎందుకు దిగుతున్నాడో ఎవరికీ తెలియదు. తను తొక్కిన ముద్ద గట్టిగా ఉందా లేదా అని చూసుకోవడానికట! గట్టిగానే ఉంది. చుక్క కారడం లేదు.

"నీళ్ళుండంగా పైరు చావడమేంది వనజా? నా జన్మలో చూడలా" అన్నాడు ఒక సాయంత్రం. ఆ గొంతు వింటే నాకే భయమేసింది. ముప్ఫై ఏళ్ళ పనిమీద ఆ మనిషికి నమ్మకం పోతోంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన అనూష మేడమ్ గుంటలు తవ్వే గొట్టం తెప్పించింది. గ్రీను మధ్యలో దాన్ని దించి, గుండ్రటి ఇసుక ముక్కను పైకి లాగింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఇసుక తెల్లగా లేదు. నల్లగా, కుళ్ళు వాసన కొడుతూ ఉంది. గుంట చూస్తుండగానే నీళ్ళతో నిండిపోయింది. ఆడవాళ్ళం ముక్కులు మూసుకున్నాం. 

మా ఆయన ఒక్కడే ముందుకు వచ్చాడు. ఆ నల్ల ఇసుకను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఎన్నాళ్ళ తర్వాతో మొహం విప్పారింది.

"బాగా మాగిందమ్మా! నాట్లకు ముందర మా మడి అచ్చంగా ఇట్టే వాసనొస్తాది. దీనికి నేల లోపం ఏం లేదు. ఇంకేదో ఉండాది."

అనూష మేడమ్ మెల్లగా తల ఎత్తింది. "పద్మనాభయ్య గారూ, ఈ నీళ్ళు కిందికి పోవాలి. ఎందుకు పోవడం లేదు?"

"యాడికి పోతాయమ్మా? పోతా ఉంటే నేనే కట్టేసినా."

"ఏది కట్టేశారు?"

"అదే, కింద పైపు. తుంగలో ఉండాది చూడండి. నెలన్నర అయింది, చుక్క పోనిస్తే ఒట్టు."

యూరియా గోతాం కళ్ళముందు తిరిగింది. పెంచలకృష్ణ ముందు కిసుక్కుమన్నాడు, తర్వాత ఆగలేక పగలబడి నవ్వాడు. "నోరు ముయ్ రా! నీ మిషన్ కింద పడి ఎన్ని పైపులు పగిలినాయో చెప్పమంటావా?" అని వాడి మీద అరిచాను. నిజానికి నాకు అరవాలనిపించింది వాడి మీద కాదు.

మా ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో ఆయనకు ఇంకా తెలియలేదు. అనూష మేడమ్ ఆ తడి గడ్డి మీదే కూర్చుండిపోయి, ఆయన్ని కూడా కూర్చోమంది. వరికి వేళ్ళు నీళ్ళలో ఉన్నా పరవాలేదు, ఈ గడ్డికి వేళ్ళకు గాలి తగలాలి, అందుకే కింద ఇసుకా కంకరా పైపూ అని చేతులతో చూపిస్తూ చెప్పింది. అరవలేదు. చివర్లో, "ఆ పైపు నోరు నేను వెళ్ళి చూడాల్సింది. చూడలేదు. తప్పు నాది కూడా" అంది. ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆ మొహం నేను చూడలేక పక్కకు తిరిగాను.

తెరవడం కూడా ఆయనే తెరవాల్సి వచ్చింది. చేత్తో లాగితే రాలేదు, అంత బాగా తొక్కాడు మరి. చివరికి గడ్డపారతో పొడిస్తే ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. వెనకాలే నల్లటి నీళ్ళు బుస్సుమని దూకాయి. ఆయన కుడి చెయ్యి దానంతటదే పోయి పైపు నోటికి అడ్డం పడింది. ఒక్క క్షణమే. వెంటనే లాక్కుని, ఆ చేతిని వీపు వెనక ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు సాయంత్రం దాకా పోతూనే ఉన్నాయి, ఆయన అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఇరవై రెండు సంసారాలయ్యా! ఒక్క మాట చెప్పి కట్టకూడదా?" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచాను. ఆయన అన్నీ విని, "గండి కనపడితే చెప్పేదానికి పోతామా మే?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడు. నేనైనా అదే చేసేదాన్ని.

పన్నెండు రోజులు మిగిలాయి. నీళ్ళు ఆపేశాం. గ్రీనంతా సన్న గుంటలు పొడిచి, పొడి ఇసుక నింపాం. చచ్చిన మూల గడ్డి తీసేసి, వేరే చోట పెంచుకున్న గడ్డి బిళ్ళలు తెచ్చి పెట్టాం. మా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక పోయేవాడు. ఆ మూల మాత్రం పూర్తిగా పచ్చబడలేదు.

పదో తేదీ పొద్దున్నే రంగనాయకులు గారు వచ్చారు. పలచటి మనిషి, మాట తక్కువ. మూడు గ్రీన్లు చూసి నాలుగో దాని దగ్గర ఆగారు. పసుపు మూలను బూటు కొనతో నొక్కారు. "ఇక్కడ ఏమైంది?" అన్నారు.

"నీళ్ళు నిలిచాయి సార్. సరిచేశాం" అంది అనూష మేడమ్. తనే మాట్లాడతాననీ, మమ్మల్నెవరినీ నోరు విప్పొద్దనీ ముందే చెప్పి ఉంది. మా ఆయన విన్నాడా? వినలేదు.

"నిలిపింది నేనే సార్" అన్నాడు. "పైపు కట్టేసినా. వరి చేను అనుకున్నా. ఈ పిల్లమ్మది తప్పు లేదు, ఈ ఆడవాళ్ళది లేదు."

రంగనాయకులు గారు ఆయన్ని తలనుంచి కాళ్ళ దాకా చూశారు. కోపమో ఏమో ఏమీ తెలియలేదు. "ఇప్పుడు తెరిచే ఉందా?" అన్నారు. ఉందన్నాడు. "అయితే పోయి పైపు దగ్గర కూర్చో. నీళ్ళు వస్తే కేకెయ్యి."

గ్రీను మీద నీళ్ళు వదిలారు. నీళ్ళు పరుచుకున్నాయి, మెల్లగా ఇంకడం మొదలైంది. రంగనాయకులు గారు గడియారం చూస్తున్నారు. దిబ్బ కింద ఉన్న మా ఆయన మాకు కనిపించడు. ఐదు నిమిషాలు. ఏమీ లేదు. అనూష మేడమ్ పెదవి కొరుక్కుంటోంది. ఏడు నిమిషాలు. ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెట్టాను. ఆ చెయ్యి మళ్ళీ పోయి పైపుకు అడ్డం పడిందేమోనని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

"వచ్చింది!" అని కేక వినపడింది. మళ్ళీ ఇంకొకసారి, "వచ్చిందమ్మో, నీళ్ళొచ్చినాయి!"

ఆ కేకలో ఏడుపుంది. నాకొక్కదానికే తెలిసి ఉంటుంది. రంగనాయకులు గారు పుస్తకంలో ఏదో రాసుకుని ఐదో గ్రీను వైపు నడిచారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

సాయంత్రం అనూష మేడమ్ ఫోన్ చేసింది. "పద్మనాభయ్య గారికి చెప్పండి, ఇరవై రెండు మందిమీ ఉన్నాం" అంది, నవ్వుతూ ఏడుస్తూ. నేను గంతులేసుకుంటూ పోయి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని సరేనని తల ఊపాడు.

"ఏమయ్యా, ఇంకా ఏంది?"

"ముప్ఫై ఏళ్ళు మన చేనికి నీళ్ళు రావాలని మొక్కినా వనజా. ఈ పొద్దు ఆ పైపు ముందర కూర్చోని, నీళ్ళు పోవాలని మొక్కినా. పోతా ఉంటే సంతోషపడి కేకలు కూడా వేసినా. నాకేం అర్థం కాలా."

అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను.

మర్నాడు పనికి బయల్దేరేటప్పుడు చూస్తే బండి వెనక మళ్ళీ ఆ యూరియా గోతాం. దూకి పోయి విప్పాను. పైపులోంచి ఊడిన మట్టి ముద్దలు, ఎండిపోయి ఉన్నాయి. ఒకదాని మీద ఆయన మడమ గుర్తు అట్లాగే ఉంది. పన్నెండు రోజులు ఏ తుంగ వెనకో దాచి, నిన్న ఇంటికి తెచ్చుకున్నట్టున్నాడు.

"ఆణ్ణే పారెయ్యక దీన్ని మోసుకొచ్చినావేంది?"

"మన చేని మట్టి గదా."

దారిలో చేను దగ్గర బండి ఆపాడు. రెండేళ్ళుగా నీళ్ళు లేని నేల, కాలు పట్టేంత పగుళ్ళు. గట్టు వెంబడి నడిచి ఒక పాత ఎండ్రకాయ బొక్క వెతికాడు. తాగే నీళ్ళ బాటిల్ తీసి ఎండు ముద్దల మీద పోసి పిసకడం మొదలుపెట్టాడు.

"చుక్క నీళ్ళు రాని చేనికి గట్టెందుకయ్యా?" అన్నాను.

"వస్తే నిలవాల గదా మే."

మట్టి తడవడానికి ఆయన బాటిల్లో నీళ్ళు చాలలేదు. నాది కూడా ఇచ్చాను.